నీళ్ళకు తోడు

పగలంతా నాది గొట్టాల ఉద్యోగం.
విల్లివాక్కంలో ఆరు కుర్చీల డయాలసిస్ సెంటర్,
ఎవరి నెత్తురు ఎంత తేటపడిందో చూస్తూ నిలబడతాను.
సాయంత్రం మేడ మీద మళ్ళీ గొట్టాలే:
తెల్ల పీవీసీ, నలభై ఎనిమిది రంధ్రాలు,
రంధ్రానికో పాలకూర మొక్క.
వాటి కాళ్ళకి తడి తప్ప నేల తెలీదు.

ఏ సీసా ఒక మూత, బి సీసా ఒక మూత.
కొలిచి పోస్తే కొలిచినంత పెరిగేది.
తప్పేం లేదు.
కాకపోతే మా సెంటర్లో యంత్రాలకి పెట్టే ద్రావణం కూడా
రెండు డబ్బాల్లోనే వస్తుంది, ఏ అనీ బి అనీ.
ఇంటికొచ్చాక కూడా అవే అక్షరాలు చూడబుద్ధి కాలేదు.

అందుకని ఆవుపేడ, బెల్లం, శనగపిండి,
కాశిమేడు చేపతలలు నెల్లాళ్ళు ఊరిన కషాయం
అన్నీ వడగట్టి ట్యాంకులో పోశాను.
నీళ్ళకి అన్నం పెట్టాననుకున్నాను.

మూడో రోజుకి మీగడలా జిగురు కట్టింది.
పంపు గొంతుకేదో అడ్డం పడి మూలిగింది.
వేళ్ళు కాచి వడబోసిన టీపొడి రంగు.
నీళ్ళలో నిలబడే
దాహంతో తలవాల్చింది పాలకూర.
పక్కమేడ కుమరేశన్ గారు
ఆరకుండానే బట్టలు తీసుకుపోయారు.

కింది వాటాలో ఇడ్లీపిండి అమ్మే పొన్నుత్తాయి
ఎవరూ పిలవకుండానే మెట్లెక్కి వచ్చింది.
మూత తీసి ఒక్క పీల్పు పీల్చి
"పులిసింది కాదమ్మా, కుళ్ళింది" అంది అరవ యాస తెలుగులో.
రెండూ ఒకటేగా అన్నాను.
"నా దగ్గర పిండి కొనేవాళ్ళనడుగు."

వేరుకి పళ్ళు లేవు.
పేడని పేడగా, చేపని చేపగా అది తినలేదు.
ఎవరో నమలాలి, ఆ నమిలింది ఇంకెవరో నమలాలి,
కంటికానని వంటవాళ్ళంతా ఊపిరి పీలుస్తూ పనిచేస్తే
ఆఖరికి వేరు నోట్లో పట్టేంత మెతుకవుతుంది.
మట్టంటే ఆ వంటవాళ్ళే.
నేను సరుకులు మాత్రం పంపి
గదికి గాలైనా లేకుండా తలుపేశాను.

కొళత్తూరు చేపల అంగడిలో గాలి మోటారు కొన్నాను.
బకెట్ నిండా కొబ్బరి చిప్పల బొగ్గు, పగిలిన పెంకులు,
వాళ్ళు కాపురం పెట్టుకోడానికి.
పొన్నుత్తాయి తన కరివేపాకు కుండీలోంచి,
తొమ్మిదేళ్ళుగా గ్రైండరు కడిగిన నీళ్ళు తాగిన మట్టి
గుప్పెడు తీసి
పాత పంచె గుడ్డలో మూటకట్టి వేలాడదీసింది.
గిన్నెడు పాలున్నా
చెంచాడు తోడు లేకపోతే పెరుగెక్కడిది?

తర్వాత, ఎదురు చూడటం.
రోజూ పరీక్షగొట్టంలో రంగు:
ఆకుపచ్చైతే విషం, పసుపైతే క్షేమం.
ఆకుపచ్చ తగ్గాలని మొక్కుకోవడం
నా జన్మలో అదే మొదటిసారి.
పదకొండో రోజు తగ్గింది. పన్నెండో రోజు పెరిగింది.
ఇరవై రెండో రోజు, నిమ్మతొక్క పసుపు.

మూడో కుర్చీ వరదమ్మగారికి ఇదంతా తెలుసు.
ఆవిడ పాలకూర ముట్టకూడదు, పొటాషియం.
అయినా సూది గుచ్చుతుంటే అడుగుతుంది
"వేళ్ళెలా ఉన్నాయి?"

పంపు ఇప్పటికీ ఆదివారం ఆదివారం పూడుకుంటుంది,
టూత్‌బ్రష్‌తో తోముతాను.
వాసన పూర్తిగా పోలేదు. వాన పడ్డ గోనెసంచిలా,
కుమరేశన్ గారు ఓర్చుకునేంత.

నిన్న ఫోటో చూపించాను.
ఒక చెయ్యి యంత్రానిది గనక
రెండో చేత్తోనే పెద్దది చేసి చూసింది వరదమ్మగారు,
గోధుమరంగు పాత వేళ్ళ మధ్య
కొత్తగా దిగుతున్న సన్నటి తెలుపు.
"ఇంకా మురికిగానే ఉందే" అని నవ్వింది.

అవునండీ, అన్నాను.
ఆ కాస్తా ఉండాలి.

యంత్రం కూసింది.
లైను సరిచేయడానికి వంగాను.